నిమ్మరసం అందని దీక్ష

మా సంఘానికి చరిత్ర రాస్తున్నారట. పోయిన నెల ఫోన్ వచ్చింది. నేను అట్ల పెనం దగ్గర ఉన్నాను, ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. చేసినవాడు ఒకప్పుడు మా యూనివర్సిటీలో విద్యార్థి సంఘానికి కార్యదర్శి. ఇప్పుడు టీవీ చర్చల్లో పేరు కింద సామాజిక విశ్లేషకుడు అని వేయించుకుని కూర్చుంటాడు, మిగతా టైమంతా ప్లాట్లు అమ్ముతాడు.

"సోదరీ, స్వర్ణోత్సవాలు చేస్తున్నాం. సంఘం చరిత్ర పుస్తకంగా తెస్తున్నాం. హాస్టల్ పోరాటం మీద నీ జ్ఞాపకాలు రెండు పేజీలు రాసి పంపు. కొంచెం ఉత్తేజకరంగా ఉండాలి," అన్నాడు.

ఉత్తేజకరంగానట! ఒళ్లు మండిపోయింది. "రెండు పేజీల్లో పట్టదు బాబూ, ఇక్కడ అట్టు మాడిపోతోంది," అని పెట్టేశాను.

నిజంగానే పట్టదు. వాళ్లకి కావలసింది వాళ్లు చేసిన పోరాటాల చరిత్ర. నా దగ్గరున్నది వాళ్లు తిన్న తిండి చరిత్ర. రెండూ ఒకే పుస్తకంలో పెడితే కుదరదు.

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ దాటాక కుడి చేతి వైపు మా టిఫిన్ హోటల్. మా తాత మిషన్ బంగళాలో వంటవాడు. నాన్న ఆ చేతి రుచితోనే హోటల్ పెట్టాడు. నేను ఎం.ఏ. చదివొచ్చి అదే నడుపుతున్నాను. "అంత సదువు సదివి ఇడ్లీలేస్తన్నావేటమ్మా," అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదే చదువు చదివి ప్లాట్లు అమ్మేవాణ్ణి మాత్రం ఎవరూ అడగరు. మా ఇంట్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన. పొద్దున్నుంచి ఊరందరికీ వడ్డించే అమ్మ, ఆ రోజు సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా తన నోట్లో మెతుకు పెట్టేది కాదు. అంచేత ఉపవాసం అంటే ఏమిటో ఒకరు నాకు నేర్పక్కర్లేదు. తినకపోతే ఉపవాసం, తింటే కాదు. ఇందులో సిద్ధాంతం ఏముంటుంది?

ఉంటుందని యూనివర్సిటీకి వెళ్లాక తెలిసింది.

మా సంఘం ఎలా పుట్టిందో చెప్పే కథ ఏడాదికేడాది పెరుగుతూ ఉండేది. మొట్టమొదట ఎవరో కుర్రాళ్లు మెస్‌లో పప్పు నీళ్లలా ఉందని కంచాలు మోగించారు. అంతే సంగతి. నేను చేరేనాటికి ఆ పప్పులోంచి మహోజ్జ్వల ఘట్టం ఒకటి పుట్టుకొచ్చింది, దానికి కరపత్రం, కరపత్రం మీద పిడికిలి బొమ్మ. కంచాలు మోగించినవాళ్లలో ఒకాయన తర్వాత మా ఊళ్లోనే బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, మా హోటల్‌కి వచ్చేవాడు. "ఆ రోజు ఏం జరిగిందండీ?" అని అడిగితే, "ఏముందమ్మా, మర్నాటి నుంచి పప్పు కాస్త గట్టిగా పెట్టారు," అన్నాడు పాపం. ఆయన్ని చరిత్ర పుస్తకంవాళ్లు ఎవరూ అడగలేదు.

నేను చేరేసరికే సంఘం రెండు ముక్కలైంది. అందులో ఒక ముక్క మళ్లీ రెండైంది. అన్నిటికీ జెండా రంగు ఒకటే, మూలనున్న గుర్తు మాత్రం తేడా. గాలి లేనప్పుడు జెండా వేలాడిపోతే ఎవరిదేదో వాళ్లకే తెలిసేది కాదు. ఒకసారి మావాళ్లు కొందరు పక్క ముక్క ఊరేగింపులో దూరి, గొంతులు పోయేలా నినాదాలిస్తూ సగం దారి నడిచారు. టీలు పంచే చోట తెలిసింది, తాము తిట్టాల్సినవాళ్లు వీళ్లేనని. టీ తాగే వెనక్కి వచ్చారు.

నాకెందుకు ఆ సంఘం అంటారా? ఆడపిల్లల హాస్టల్లో నీళ్లు రాకపోతే అడిగేవాళ్లు కావాలి, నాకు నోరుంది, వాళ్ల దగ్గర మైకుంది. అలా చేరాను. చేరిన కొత్తలోనే పెద్ద చర్చా శిబిరం ఒకటి పెట్టారు. విషయం ఏమిటంటే, నిరాహార దీక్ష పోరాట రూపమా, కాదా. ఒక వర్గం, దీక్ష అంటే బతిమాలుకోవడం, అది మన పంథా కాదంది. రెండో వర్గం, పంథా ఎలా ఉన్నా పేపర్లో ఫోటో పడేది దీక్షకే అంది. మధ్యలో భోజనాలు, సాయంత్రం పకోడీలు. చివరికి రాజీ కుదిరింది. దీక్ష చేద్దాం, కానీ రిలే.

రిలే దీక్ష చూడని తెలుగువాడు ఉండడు గాని, మావాళ్ల పద్ధతి చెబుతాను. పొద్దున పదింటికి అయిదుగురు టెంట్ కింద కూర్చుంటారు. అధ్యక్షుడు వాళ్ల మెళ్లో బంతిపూల దండలేస్తాడు. సాయంత్రం అయిదింటికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగించి దీక్ష విరమింపజేస్తాడు. మర్నాడు ఇంకో అయిదుగురు. పదింటికి ముందు పూరీ, అయిదు దాటాక బిరియానీ. మధ్యలో పోయేది ఒక్క మధ్యాహ్నం భోజనం, అదీ మా మెస్ భోజనం, పోయినా ఎవరూ ఏడవరు. ఎవరి కడుపూ మాడకుండా ఆకలి పోరాటం చేసే ఉపాయం ఎవరికి తట్టిందో గాని, చరిత్రలో వాళ్ల పేరు పెద్దక్షరాలతో వెయ్యాలి.

ఇక హాస్టల్ సంగతి. మా ఆడపిల్లల హాస్టల్ వెనక పాత బ్లాక్ ఒకటుండేది. ఏజెన్సీ నుంచి, దూరపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలకి అందులో సీట్లు. ఆ ఏడాది అధికారులు, ఆ బ్లాక్‌ని ఎక్కువ ఫీజు కట్టే కోర్సులవాళ్లకి ఇస్తాం, మీరు బయట గదులు చూసుకోండి అన్నారు. బయట గది తీసుకునే స్తోమతే ఉంటే వాళ్లు ఆ కారే గదుల్లో ఎందుకుంటారు? చదువు మానేసి ఇంటికి పొమ్మని చెప్పడమే అది.

ఆ బ్లాక్‌లో ఉండేది మా పిల్ల. మా పిల్ల అని ఎందుకంటున్నానంటే, వాళ్ల నాన్న మా హోటల్‌కి విస్తళ్లు కుట్టే అడ్డాకులు వేసేవాడు. కృష్ణదేవిపేట దాటి కొండెక్కాక ఎక్కడో లోపలుంది వాళ్ల ఊరు. అడవిలో ఆకు కోసి, కట్టలు కట్టి, షేర్ ఆటోలో వేసుకుని సంతరోజు దిగేవాడు. పిల్ల డిగ్రీ పాసై యూనివర్సిటీలో సీటొచ్చిందంటే, సెలవులకి ఇంటికొచ్చిన నా ముందుకి తీసుకొచ్చి, గల్లాపెట్టె దగ్గర నిలబెట్టి, "అమ్మా, మా గుంటకి ఆ ఊర్లో మీరు తప్ప ఎవులూ నేరు. కూసింత సూసుకోండి," అన్నాడు. వాళ్ల ఊళ్లో ఆడపిల్ల అంతదూరం చదువుకి రావడం అదే మొదలు. ఆ పిల్ల వెనక్కి పోతే ఇంకో పిల్ల రాదు. అది నాకూ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. మాట తక్కువ మనిషి. ఏం చెప్పినా తలూపేది, చెప్పింది చెప్పినట్టు చేసేది. ఈ లోకంలో అంతకంటే ప్రమాదమైన గుణం ఇంకోటి లేదని మా సంఘంవాళ్లని చూశాక అనుకున్నాను.

దీక్ష మొదలయ్యే రోజు పొద్దున అధ్యక్షుడు హాస్టల్‌కొచ్చాడు. తెల్ల లాల్చీ, మాసిన గడ్డం. ఆ గడ్డం మాసేలా ఉంచడానికి వాడు పడే శ్రమ గీసుకోవడానికి కూడా ఉండదు. "మొదటి బ్యాచ్‌లో ఒక గిరిజన విద్యార్థిని ఉండాలి. ఫోటోకి బాగుంటుంది," అన్నాడు. ఫోటోకి! అన్న మాట అన్నట్టు రాస్తున్నాను. పిల్ల నా మొహం చూసింది. "నీ హాస్టల్ కోసమే, కూర్చో," అన్నాను. కూర్చుంది. వాడే స్వయంగా దండేశాడు. "ఈ బ్లాక్ దక్కేదాకా దీక్ష ఆగదు," అని మైకులో గర్జించాడు. అదే రోజు మధ్యాహ్నం అమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే నేను నర్సీపట్నం బస్సెక్కేశాను.

అమ్మకి నెమ్మదించాక, మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చాను. బ్యాగుతోనే టెంట్ దగ్గరికి వెళ్లాను. ముందు వరసలో ఆ రోజు అయిదుగురు, తాజా దండలతో, కడుపు నిండిన మొహాలతో ఉన్నారు. వెనక మూల గుంజకి ఆనుకుని మా పిల్ల కూర్చుంది. మెళ్లో మొదటి రోజు దండ. పూలు నల్లబడి, రెక్కలు రాలి, దారం కనబడుతోంది. పెదాలు ఎండిపోయాయి. నన్ను చూసి నవ్వబోయింది గాని మొహం సహకరించలేదు.

"ఏటే, ఇలాగున్నావేటి? తిన్నావా?" అన్నాను.

"దీక్ష కదక్కా."

"నీ దీక్ష మొన్న సాయంత్రంతో అయిపోయింది కదే!"

"అవ్వనేదక్కా. నాకు నిమ్మరసం ఇవ్వనేదు."

నాకు ముందు అర్థం కాలేదు. నెమ్మదిగా కూడదీసుకుని చెప్పింది. మొదటి రోజు సాయంత్రం ఒక పెద్దాయన వచ్చాడట. తొందరలో ఉన్నాడట. ఫోటో కోసం తామూ ముందు వరసలో కూర్చున్న అధ్యక్షుడికి, కార్యదర్శికి గ్లాసులు నోటికందించాడు, ఫోటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. జగ్గులో మిగిలింది మన పాటల దళం నిలబడే తాగీసింది. ఈమె దాకా రాలేదు. అడగలేదా అంటే, "అడిగి తాగితే అది దీక్షేటక్కా?" అంది. మర్నాడు ఇస్తారేమోనని కూర్చుంది. మర్నాడు వేరే అయిదుగురికి ఇచ్చారు. తన వంతు వస్తుందని మళ్లీ కూర్చుంది. ఇన్నాళ్లూ ఒట్టి మంచినీళ్లు.

"ఓలమ్మో! అది ఉత్త పద్ధతే. అయిదు దాటితే ఎవరికి వాళ్లు పోయి తినీడమే. రా, లే, నేను ఇస్తాను," అని చెయ్యి పట్టుకున్నాను.

చెయ్యి వెనక్కి లాక్కుంది. "మా ఊళ్లో మామిడి కొత్త పండగ అయ్యేదాకా సెట్టు కింద రాలిన కాయ కూడా ముట్టమక్కా. పూజ సేసి పెద్దోళ్లు సేతికిస్తేనే తినాల. ఎవులు కూకోబెట్టారో ఆలే లేపాల. నువ్వు నాకు దండెయ్యలేదు కదా. దండేసినోడే ఇవ్వాల." అంత నీరసంలోనూ ఆ మాట గట్టిగా అంది. ముందే తాగేస్తే దీక్ష చెడుతుంది, దీక్ష చెడితే హాస్టల్ పోతుందని ఆ పిల్ల నమ్మకం. మైకులో విన్నది విన్నట్టు నమ్మింది. రెండు రోజులు ఆ టెంట్‌లోంచి అటూ ఇటూ తిరిగిన నాయకులు ఆ ఎండిన దండని చూడలేదా అంటే చూశారు. ఎంత నిబద్ధత గల కార్యకర్తో అనుకున్నారట.

వాళ్లు క్యాంటీన్లో ఉన్నారు. సమీక్షా సమావేశం. అధ్యక్షుడి ముందు పూరీ ప్లేటు, కార్యదర్శి చేతిలో టీ. రేపు నిమ్మరసం ఇవ్వడానికి ఎవర్ని పిలిస్తే పేపర్లో మొదటి పేజీ దక్కుతుందని తర్జనభర్జన పడుతున్నారు. నేను నిలబడే విషయం చెప్పాను.

కార్యదర్శి టీ కింద పెట్టి, "ఇది క్రమశిక్షణ రాహిత్యం. కమిటీ తీర్మానం రిలే. నిరవధిక దీక్షకి ఆమెకి ఎవరు అనుమతిచ్చారు?" అన్నాడు. ఒట్టు, అదే మాట. ఆకలితో పడిపోయేలా ఉన్న పిల్లకి అనుమతి లేదట!

అధ్యక్షుడు మాత్రం పూరీ తుంచుతున్నవాడల్లా ఆగాడు. వాడి కళ్లలో వెలుగొచ్చింది. ఆ వెలుగు ఇప్పటికీ నాకు గుర్తే, తలుచుకుంటే ఇప్పటికీ కొట్టాలనిపిస్తుంది. "ఆగు, ఆగు. మూడో రోజా? అయితే మనది ఆమరణ దీక్షే కదా! ఇవాళ్టికి ఇవ్వొద్దు. రేపు పదకొండింటికి ప్రెస్‌ని పిలుద్దాం. అధికారులు దిగొచ్చాక అందరి ముందూ నేనే తాగిస్తాను."

"రేపటిదాకా ఆ పిల్లకేమైనా అయితే?"

"ఏం కాదులే. కొండవాళ్లు గట్టివాళ్లు," అన్నాడు.

నాకు నోరు పెద్దదని నర్సీపట్నంలో అందరికీ తెలుసు. ఆ రోజు యూనివర్సిటీకీ తెలిసింది. వాడి ముందున్న పూరీ ప్లేటు తీసి ఎడం చేత్తో పట్టుకున్నాను, కుడి చేత్తో లాల్చీ కాలర్ పట్టుకున్నాను. "ప్రెస్‌ని ఇప్పుడే పిలుద్దాం. వాళ్ల ముందు నువ్వూ, నీ పూరీ, నీ బంగాళాదుంప కూరా అందరూ నిలబడండి. నడు," అన్నాను. క్యాంటీన్ మొత్తం లేచి నిలబడింది. ప్రజాస్వామ్యం, చర్చ, సోదరీ అని ఏవేవో అన్నాడు గాని కాళ్లు మాత్రం నా వెంటే వచ్చాయి. క్యాంటీన్ ఆయన నవ్వాపుకుంటూ నిమ్మకాయ పిండి, ఉప్పూ పంచదారా కలిపి గ్లాసు నా వెనకే పట్టుకొచ్చాడు.

టెంట్ దగ్గర వాడి చేతికి గ్లాసిచ్చాను. వాడు చుట్టూ చూశాడు. "ఎవర్ని వెతుకుతున్నావ్? ఫోటోగ్రాఫర్నా?" అన్నాను. గ్లాసందించాడు. పిల్ల ముందు నాకేసి చూసింది. తలూపాను. అప్పుడు మెళ్లో ఆ ఎండు దండ తీసి పక్కన పెట్టి, రెండు చేతులా గ్లాసందుకుని, కళ్లకద్దుకుని, కొంచెం కొంచెంగా తాగింది. వాడిచ్చిన గ్లాసుని కళ్లకద్దుకోవడమేమిటని నాకు మండుకొచ్చింది. తాగి, లేవబోయి, నా మీదికి ఒరిగిపోయింది. ఆస్పత్రిలో గ్లూకోజు పెట్టించాం. మంచం పక్కన కూర్చుని నేను ఏడ్చాను, కోపంతోనే ఏడ్చాను.

హాస్పిటల్ నుంచి కబురు వార్డెనమ్మకి వెళ్లింది, ఆవిడ నుంచి పెద్దలకి వెళ్లింది. ఏజెన్సీ పిల్లకి ఏదైనా అయితే తమ పీకల మీదికొస్తుందని వాళ్లకి భయం పట్టుకుంది. మర్నాడే బ్లాక్ మీద ఆర్డర్ వెనక్కి తీసుకున్నారు. పిల్ల సీటు నిలబడింది. మావాళ్లు మేళాలు పెట్టి విజయోత్సవం చేశారు. కరపత్రంలో అధ్యక్షుడి అకుంఠిత దీక్ష అని వేశారు. అధ్యక్షుడి ఫోటో ఉంది, నోటి దగ్గర గ్లాసుతో, మొదటి రోజుది. ఆ సాయంత్రమే నేను సంఘంలోంచి బయటికొచ్చేశాను. రాజీనామా రాసిమ్మన్నారు. అది కూడా మీకే ఇవ్వాలా అన్నాను.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. విద్య అమ్మకానికి కాదు అని అరిచిన అధ్యక్షుడికి ఇప్పుడు జూనియర్ కాలేజీలున్నాయి, ఊరికొకటి. హాస్టళ్లు కూడా ఉన్నాయి. వాటి కిటికీలకి ఇనుప జాలీలు. లాల్చీ అదే, గడ్డం మాత్రం నున్నగా గీస్తున్నాడు. వచ్చే ఎన్నికల్లో టికెట్ అడుగుతున్నాడని ఊళ్లో అనుకుంటున్నారు. స్వర్ణోత్సవం యూనివర్సిటీలో కాకుండా నర్సీపట్నంలో కల్యాణ మండపంలో ఎందుకు పెట్టారో అడక్కుండానే అర్థమైంది.

మా పిల్ల ఇప్పుడు టీచరు. కొండ మీద ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెబుతుంది, హాస్టల్ కూడా తనే చూస్తుంది. వాళ్ల ఊరి నుంచి తర్వాత ఇంకా పిల్లలు చదువులకి దిగారు. ఊళ్లోకొస్తే మా హోటల్‌కి రాకుండా వెళ్లదు. కార్యదర్శి రెండోసారి ఫోన్ చేసినప్పుడు, "నేను రాయను. కానీ అప్పుడు నిజంగా తినకుండా కూర్చున్న మనిషిని తీసుకొస్తాను, పిలుస్తారా?" అన్నాను. కాస్త ఆలోచించి, "తప్పకుండా. వేదిక మీద ఒక గిరిజన మహిళ ఉంటే బాగుంటుంది," అన్నాడు. ఇన్నేళ్లలో వాళ్లు ఏమీ మారలేదని సంతోషించాను.

తను రానంది ముందు. "ఇప్పుడెందుకక్కా, అయిపోయిన దానికి?" అంది. "నీ ఆకలిని వాళ్లెలా చెప్పుకుంటున్నారో ఒక్కసారి చెవులారా విను. నా మాట మీద రా," అన్నాను. సెలవు పెట్టి, తెల్లారి మొదటి జీపుకే బయల్దేరి వచ్చింది. హోటల్ దగ్గర టిఫిన్ చెయ్యమంటే, సభ మొదలైపోతుందేమో పదక్కా అంది.

సభ మొదలవడమా! అధ్యక్షుడు పాయకరావుపేట దాటాడు, వచ్చేస్తున్నాడు అని మైకులో చెబుతూనే ఉన్నారు. వచ్చేదాకా వేదిక మీదికి జనాన్ని పిలిచారు. మాజీ ఫలానా, మాజీ ఫలానా వేదికనలంకరించవలసిందిగా అంటూ అందర్నీ అలంకరింపజేశాక కింద కుర్చీల్లో మేమూ, క్యాటరింగ్‌వాళ్లూ మిగిలాం. సంఘం ముక్కలన్నీ ఆ రోజు ఒకే వేదిక మీద కూర్చున్నాయి. సిద్ధాంతాలు కలిశాయో లేదో గాని, టికెట్ వస్తుందనుకున్నవాడి చుట్టూ కుర్చీలు మాత్రం కలిశాయి. ఒక్కొక్కరికీ ఒక శాలువా, ఒక ఏటికొప్పాక బొమ్మ. మధ్యాహ్నం దాటింది. వెనకనించి బిరియానీ వాసనొస్తోంది. అధ్యక్షుడు మాట్లాడాకే భోజనాలట.

చివరికి మైకందుకున్నాడు. హాస్టల్ పోరాటం ఎత్తుకున్నాడు. ఏడు రోజులట! ఏడు రోజులు పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టలేదట. కొండ బిడ్డల చదువు కోసం పేగులు మాడ్చుకున్నాడట. గొంతు వణికించాడు, జేబురుమాలు తీశాడు. చప్పట్లు. నేను లేవబోతుంటే మా టీచరమ్మ నా మోకాలి మీద చెయ్యేసి అదిమింది. తన మొహంలో కోపం లేదు. శ్రద్ధగా వింటోంది, క్లాసులో పిల్లలు అప్పజెప్పేది విన్నట్టు.

అప్పుడు కార్యదర్శి తనని పైకి పిలిచాడు. ఆ చారిత్రక దీక్షలో పాల్గొన్న గిరిజన సోదరి, ఇప్పుడు ఉపాధ్యాయురాలు, వీరిని మన అధ్యక్షులవారు పూలమాలతో సత్కరిస్తారు అని. వెళ్లింది. అధ్యక్షుడు రెండు చేతుల్తో బంతిపూల దండ పట్టుకుని ముందుకొచ్చాడు. ఫోటోగ్రాఫర్ వంగాడు.

తను చెయ్యి అడ్డం పెట్టింది. మైకు ఎదురుగానే ఉంది, అందరికీ వినబడింది.

"దండ వద్దు సార్. అప్పుడు కూడా మీరే వేశారు. వేసి నిమ్మరసం ఇవ్వడం మర్చిపోయారు. మా పద్ధతిలో దండేసినవాళ్లే తాగించాలి. ఇప్పుడు వేయించుకుంటే అక్క మళ్లీ మిమ్మల్ని కాలర్ పట్టుకుని క్యాంటీన్ నుంచి తీసుకొచ్చేదాకా నేను తినకూడదు. సాయంత్రం నా హాస్టల్లో పిల్లలకి అన్నం పెట్టాలి సార్, నేను త్వరగా వెళ్లాలి."

అని నమస్కారం పెట్టింది. ఒక్క ఎగతాళి మాట లేదు, నిజంగానే తొందరలో ఉన్న మనిషి చెప్పినట్టే చెప్పింది. క్యాటరింగ్‌వాళ్లు పకాలున నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు, సరదాకి అందనుకున్నాడేమో. నవ్వుతూ వెనక్కి తిరిగి చూస్తే వేదిక మీద పాతవాళ్లెవరూ నవ్వడం లేదు, అందరూ చేతుల్లో ఉన్న బొమ్మల వైపు చూస్తున్నారు. వాళ్లందరూ ఆ రోజు క్యాంటీన్లో ఉన్నవాళ్లే. దండ పట్టుకున్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు. పక్కన కార్యదర్శి మెళ్లో వేసేశాడు.

మేం ఇవతలికి వచ్చేశాం. ఎండ మండిపోతోంది. ఆటో ఎక్కబోతూ తను కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. "భయమేసిందా?" అన్నాను. "ఆకలేస్తందక్కా. పొద్దున్నుంచి ఏటీ తినలేదు," అంది. ఎన్నాళ్లకో ఆ యాస మళ్లీ విన్నాను.

హోటల్లో మధ్యాహ్నం టిఫిన్లు అయిపోయాయి. పెనం వేడెక్కించి పెసరట్టు పోశాను, అల్లం పచ్చడి వేశాను, పక్కన గ్లాసుడు నిమ్మరసం పెట్టాను. తను ప్లేటు వైపు చూసింది గాని చెయ్యి పెట్టలేదు. నా వైపు చూసింది. నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది.

పొద్దున ఆ సభకి కూర్చోబెట్టింది నేనే. కోరి తీసుకొచ్చినదాన్ని నేనే.

గ్లాసు తీసి నా చేత్తో అందించాను. రెండు చేతులా తీసుకుని, కళ్లకద్దుకుని, గటగటా తాగేసి, "ఇంకో అట్టు ఎయ్యక్కా," అంది.